పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్, ముప్పై ఏడేళ్ళకి మళ్ళీ చాంపియన్: కోనేరు హంపి కథ

ఈ రోజు ఎపిసోడ్‌ని మొన్న మెట్రోలో జరిగిన ఒక చిన్న ముచ్చటతో మొదలుపెడతాను.

అమీర్‌పేటలో ఎక్కాను, రాయదుర్గంలో దిగాలి. పక్క సీట్లో ఇరవై ఏళ్ళ అబ్బాయి ఫోన్‌లో చెస్ ఆడుతున్నాడు. ఒక్కొక్కరికి ఒక్క నిమిషం టైమ్ ఉండే ఆట. దుర్గం చెరువు స్టేషన్ వచ్చేలోపు రెండు ఓడిపోయాడు, మూడోది గెలిచి ఊపిరి పీల్చుకున్నాడు. "ఎవరి ఆట ఇష్టం తమ్ముడూ?" అని అడిగాను. టక్కున చెప్పాడు: గుకేశ్, ప్రజ్ఞానంద, మన వరంగల్ అర్జున్. "మరి హంపి?" అన్నాను. "హంపి అంటే గుళ్ళుండే ఊరు కదక్కా?" అన్నాడు.

నవ్వొచ్చింది, కొంచెం బాధ కూడా అనిపించింది. ఆ అబ్బాయి తప్పేం లేదు. అతను పుట్టేసరికే ఆవిడ గ్రాండ్‌మాస్టర్. మనకి రోజూ కనిపించేవాళ్ళు ముందు, దారి వేసినవాళ్ళు తర్వాత గుర్తొస్తారు. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు పేరు సంగతి చెప్పేస్తా. 1987 మార్చి 31న గుడివాడలో పుట్టింది. నాన్న కోనేరు అశోక్ గారు స్వయంగా చెస్ ఆటగాడు. చాంపియన్ అనే మాటలోంచి తీసి పాపకి హంపి అని పెట్టుకున్నారు. తర్వాత ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఎ బదులు యు, ఐ బదులు వై పెట్టి మార్చారు. ఎందుకంటే అది రష్యన్ పేరులా కనిపిస్తుందట! అప్పట్లో చెస్ అంటే రష్యావాళ్ళే అన్న మాట అంత బలంగా ఉండేది మరి. అశోక్ గారు కెమిస్ట్రీ లెక్చరర్. కూతురికి ఆట నేర్పడానికే ఉద్యోగం వదిలేశారు. ఒక మధ్యతరగతి ఇంట్లో, తొంభైల్లో, నెల జీతం వదులుకోవడం అంటే ఏంటో మీ అమ్మానాన్నల్ని అడగండి, చెప్తారు.

ఇక వరసగా గెలుపులే. 1997లో ప్రపంచ అండర్ 10 బాలికల టైటిల్, 1998లో అండర్ 12, 2000లో అండర్ 14. మధ్యలో 1999లో అహ్మదాబాద్‌లో జరిగిన ఆసియా యూత్ పోటీల్లో అబ్బాయిలతో కలిసి అండర్ 12 ఆడి, అదీ గెలిచేసింది. 2001లో ప్రపంచ జూనియర్ బాలికల చాంపియన్.

ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే "గ్రాండ్‌మాస్టర్" అనే మాట దగ్గర చాలామందికి ఒక తికమక ఉంటుంది. చెస్‌లో రెండు టైటిళ్ళున్నాయి. ఒకటి ఉమన్ గ్రాండ్‌మాస్టర్, అది ఆడవాళ్ళకి మాత్రమే, దానికి 2300 రేటింగ్, నార్మ్‌లు కావాలి. రెండోది మామూలు గ్రాండ్‌మాస్టర్. దీనికి 2500 రేటింగ్ కావాలి, పైగా గట్టి టోర్నీల్లో మూడు నార్మ్‌లు సాధించాలి. ఇది ఆడ, మగ తేడా లేని టైటిల్, ఆనంద్‌కి ఉన్నదీ ఇదే. హంపి గురిపెట్టింది ఈ రెండోదానికి.

అప్పటికి మన దేశంలో పరిస్థితి ఏంటంటే, 1961లో మాన్యుయెల్ ఆరన్ తొలి ఇంటర్నేషనల్ మాస్టర్ అయ్యారు. తొలి గ్రాండ్‌మాస్టర్ కోసం 1988 దాకా, అంటే ఆనంద్ వచ్చేదాకా ఆగాల్సొచ్చింది. ఆడవాళ్ళ సంగతి ఇంకా కష్టం. 1976లో రోహిణీ ఖాడిల్కర్ పురుషుల జాతీయ పోటీలో ఆడితే పెద్ద గొడవైంది, కోర్టు దాకా వెళ్ళింది. చివరికి ఆడవాళ్ళని ఆపడానికి వీల్లేదని ప్రపంచ చెస్ సమాఖ్య అధ్యక్షుడు మాక్స్ యూవే తేల్చి చెప్పాల్సి వచ్చింది. అంటే బోర్డు ముందు కూర్చోవడానికే పోరాటం. 2001లో మన గుంటూరు కుర్రాడు పెంటేల హరికృష్ణ గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ఆడవాళ్ళలో మాత్రం అప్పటికి ఒక్కరు కూడా లేరు.

2002 మే నెలాఖరు. హంగరీలో ఆడుతూ హంపి ఆ టైటిల్ అందుకుంది. వయసు 15 ఏళ్ళ 1 నెల 27 రోజులు. అంతకుముందు ఆడవాళ్ళలో అతి చిన్న వయసు రికార్డు జూడిత్ పోల్గార్‌ది, ఆవిడకంటే దాదాపు మూడు నెలలు ముందే సాధించింది. ఇంకో మాట, 1958లో బాబీ ఫిషర్ గ్రాండ్‌మాస్టర్ అయినప్పుడు పదిహేనున్నర ఏళ్ళు. గుడివాడ అమ్మాయి అతనికంటే చిన్నది! అప్పటికి మన సైబర్ టవర్స్ తెరిచి నాలుగేళ్ళు కూడా కాలేదు, ఇప్పుడు నేను కూర్చుని మాట్లాడుతున్న రాయదుర్గంలో ఈ అద్దాల బిల్డింగులేవీ లేవు. ఇంట్లో నెట్ ఉండటమే గొప్ప. అలాంటి రోజుల్లో పుస్తకాలు, బోర్డు, నాన్న పాఠం, ఇవే ఆవిడ సరంజామా.

ఆ తర్వాత 2003లో అర్జున అవార్డు, 2006 దోహా ఆసియా క్రీడల్లో రెండు స్వర్ణాలు, 2007లో పద్మశ్రీ. అదే 2007 అక్టోబర్లో రేటింగ్ 2600 దాటింది. జూడిత్ పోల్గార్ తర్వాత ఆ గీత దాటిన రెండో మహిళ ఆవిడే.

మరి ప్రపంచ చాంపియన్ ఎందుకు కాలేదు? దీనికి జవాబు ఒక్క పేరు: హౌ యిఫాన్. చైనా అమ్మాయి, హంపి కంటే ఏడేళ్ళు చిన్న. 2008 ప్రపంచ చాంపియన్‌షిప్ సెమీఫైనల్లో హంపిని ఓడించింది. అదే ఏడాది ఆ చిన్న వయసు రికార్డు కూడా తనే తీసుకుపోయింది. 2010లో మళ్ళీ సెమీఫైనల్, మళ్ళీ హౌ. 2011 నవంబర్లో అల్బేనియా రాజధాని తిరానాలో టైటిల్ కోసం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. పది ఆటల మ్యాచ్. ఎనిమిదికే అయిపోయింది. హౌ మూడు గెలిచింది, మిగతా ఐదు డ్రా, హంపికి ఒక్క గెలుపు కూడా లేదు. ఆ మ్యాచ్ గురించి నేను తియ్యగా చెప్పలేను. అది ఓటమే, గట్టి ఓటమి.

2014లో పెళ్ళి. 2016 నుంచి ఆట ఆపేసింది. 2017లో పాప అహన పుట్టింది.

ఇక్కడ నా సొంత గోడు కొంచెం చెప్తా, ఏమీ అనుకోకండి. మా బాబు పుట్టాక నేను కూడా రెండేళ్ళు ఉద్యోగం మానేశాను. తిరిగి వెతుక్కునేటప్పుడు ఒక ఇంటర్వ్యూకి వెళ్ళా. ఇక్కడే, ఈ ఐటీ కారిడార్‌లోనే. అరగంట ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు ఆ రెండేళ్ళ గ్యాప్ గురించే. ఇప్పుడు వాడే టూల్స్ అన్నీ మారిపోయాయి కదండీ, పట్టుకోగలరా అని. ఆయన అడిగింది అబద్ధం కాదు, నిజంగానే మారాయి. ఆ రోజు ఇంటికొచ్చి, బాబుని పడుకోబెట్టి, ఊరికే ఫోన్ తిప్పుతుంటే హంపి వార్త కనపడింది.

ఆవిడ గ్యాప్‌లో ఏం జరిగిందో చూడండి. 2017 డిసెంబర్లో ఆల్ఫాజీరో వచ్చింది. ఆటని తనంతట తానే నేర్చుకున్న ప్రోగ్రామ్. దాని తర్వాత పెద్ద ఆటగాళ్ళు ఓపెనింగ్‌లు ఆడే తీరే మారిపోయింది. అంచున ఉన్న బంటుని ధైర్యంగా ముందుకు తోసెయ్యడం, ఎత్తు కోసం పావుని వదిలెయ్యడం, ఇవన్నీ మామూలైపోయాయి. పాత నోట్సు సగం చెత్తబుట్టకే. పదిహేనేళ్ళ పిల్లలు ఇంజిన్ పక్కన పెట్టుకుని పెరుగుతుంటే, ముప్పై దాటిన తల్లి మళ్ళీ బోర్డు ముందుకొచ్చింది.

2018 బటూమి ఒలింపియాడ్‌తో మొదలెట్టింది. 2019 సెప్టెంబర్లో స్కోల్కోవో గ్రాండ్ ప్రీ గెలిచింది. డిసెంబర్లో మాస్కో, ప్రపంచ ర్యాపిడ్ పోటీ. ర్యాపిడ్ అంటే ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, ఎత్తుకి పది సెకన్లు కలుస్తాయి. కుర్రాళ్ళ ఆట అనుకుంటాం. పన్నెండు రౌండ్లయ్యాక ముగ్గురు 9 పాయింట్లతో సమానం. టైబ్రేక్ లెక్కలో చైనా లే టింగ్‌జే, హంపి ప్లేఆఫ్‌కి వచ్చారు. మొదటి ఆట హంపి ఓడింది. రెండోది గెలిచింది. చివరిది ఆర్మగెడాన్, అందులో నల్ల పావులకి డ్రా అయినా గెలుపే. హంపివి నల్ల పావులు. డ్రా చేసింది. 2019 డిసెంబర్ 28, ప్రపంచ చాంపియన్. రాయదుర్గానికి మెట్రో వచ్చి అప్పటికి సరిగ్గా నెల. నేను ఇంటర్వ్యూకి వెళ్ళింది ఆ కొత్త స్టేషన్‌లో దిగే.

ఐదేళ్ళ తర్వాత, మళ్ళీ డిసెంబర్ 28, ఈసారి 2024, న్యూయార్క్. మీకు ఆ టోర్నీ గుర్తుండే ఉంటుంది. కార్ల్‌సన్ జీన్స్ వేసుకొచ్చాడని గొడవైంది చూడండి, అదే. రీల్స్ నిండా ఆ ప్యాంటే. అంతకు రెండు వారాల ముందే గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు, ఆ సంబరం ఇంకా తగ్గలేదు. ఈ హడావిడిలో హంపి మొదటి రౌండే ఓడిపోయింది. ఒక్కొక్కటే కూడబెట్టుకుంటూ వచ్చింది. చివరి రౌండ్‌కి ముందు చాలామంది ఒకే స్కోరు మీదున్నారు. వాళ్ళలో ఆ రౌండ్ గెలిచింది హంపి ఒక్కతే. ఇండోనేషియా ఇరీన్ సుకాందర్ మీద, అదీ నల్ల పావులతో. పదకొండుకి 8.5. ముప్పై ఏడేళ్ళకి రెండో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్. నా ఫీడ్‌లో మాత్రం జీన్సే ముందొచ్చింది.

ఇక 2025 జూలై, మళ్ళీ అదే బటూమి, మహిళల ప్రపంచ కప్. సెమీఫైనల్లో ఎవరనుకున్నారు? లే టింగ్‌జే. ఈసారీ టైబ్రేక్ దాకా వెళ్ళింది, ఈసారీ హంపే గెలిచింది. ఫైనల్లో నాగపూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్, 19 ఏళ్ళు. ఇద్దరూ మనవాళ్ళే. దివ్య పుట్టింది 2005 డిసెంబర్లో, అప్పటికి హంపి గ్రాండ్‌మాస్టర్ అయి మూడున్నరేళ్ళు. క్లాసికల్ ఆటలు రెండూ డ్రా, మొదటి ర్యాపిడ్ డ్రా. రెండో ర్యాపిడ్‌లో టైమ్ తక్కువైపోయి హంపి తడబడింది, దివ్య గెలిచింది. ఆ గెలుపుతోనే దివ్యకి గ్రాండ్‌మాస్టర్ టైటిల్ కూడా వచ్చింది.

దివ్య మన దేశానికి 88వ గ్రాండ్‌మాస్టర్. వాళ్ళలో ఆడవాళ్ళు ఎంతమందో తెలుసా? నలుగురు. 2002లో హంపి, 2011లో మన గుంటూరు హారిక, తర్వాత వైశాలి, ఇప్పుడు దివ్య. హంపికి, హారికకి మధ్యే తొమ్మిదేళ్ళు. ఈ లెక్క నాకు గెలుపులన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంటుంది. ఒక అమ్మాయి తలుపు తీసి లోపలికెళ్తే, వెనకాల గుంపు వస్తుందనుకుంటాం. 23 ఏళ్ళలో ఇంకో ముగ్గురే వచ్చారు.

ఆ మెట్రో అబ్బాయికి రాయదుర్గంలో దిగేటప్పుడు బటూమి రెండో ర్యాపిడ్ ఆట చూడమని చెప్పా. హంపి ఓడిన ఆట ఎందుకక్కా అన్నాడు. ముందు చూడు, చివరి నిమిషం దాకా ఎవరు గెలుస్తారో చెప్పలేవు అన్నాను. ఎస్కలేటర్ మీదే వెతకడం మొదలెట్టాడు.

వచ్చే ఎపిసోడ్‌లో హారిక. 2022 చెన్నై ఒలింపియాడ్‌లో నిండు గర్భంతో బోర్డు ముందు కూర్చుని జట్టుతో కాంస్యం తెచ్చింది కదా, అక్కడి నుంచి మొదలుపెడదాం.