పోయిన ఖజానాకు పూచీ ఎవరిది?

మా అబ్బాజాన్ ముప్పై ఏళ్లు క్యాష్ కౌంటర్ వెనక కూర్చున్నారు. నా చిన్నప్పుడు ఒక నెల ఆయన తన్‌ఖా, అదే జీతం, సగమే ఇంటికొచ్చింది. సాయంత్రం హిసాబ్ చూసేసరికి నగదు తక్కువ వచ్చిందట. ఎవరు తీశారో తేలలేదు. ఆయన బేకసూర్ అని ఆఫీసులో అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకుని కూడా జీతం కోసేశారు. "మీరు తీయలేదని వాళ్లకీ తెలుసు కదా, మరి మీరెందుకు కట్టాలి?" అని అమ్మీ అడిగింది. "డబ్బు నా చేతికిచ్చారు, నా చేతిలోంచే పోయింది. మిగతా కథ వాళ్లకెందుకు?" అన్నారు అబ్బాజాన్.

ఎన్నో ఏళ్ల తర్వాత అమెరికా ఫౌజు చరిత్ర చదువుతుంటే ఆ జవాబే మళ్లీ ఎదురైంది. అక్కడ పోయింది ఒక నెల జీతంలో సగం కాదు, 28,345 డాలర్ల 10 సెంట్లు.

మొగలుల కాలంలో ఫౌజు జీతాల వ్యవహారం చూసేవాణ్ణి బక్షీ అనేవారు. అమెరికా సైన్యంలో ఆ పని పేమాస్టర్‌ది. అరిజోనా అప్పటికి ఇంకా రాష్ట్రం కాలేదు. ఎడారిలో దూరదూరంగా ఉన్న కోటల్లోని సిపాయిలకు పేమాస్టరే బండిలో నాణేలు వేసుకుని వెళ్లి జీతాలు పంచాలి. 1889 మే 11న మేజర్ జోసెఫ్ వామ్ ఫోర్ట్ గ్రాంట్ నుంచి ఫోర్ట్ థామస్‌కు బయల్దేరాడు. పెట్టెలో బంగారం, వెండి నాణేలు. కాపలాగా పదకొండు మంది నల్లజాతి సిపాయిలు.

దారిలో ఒకచోట పెద్ద బండరాయి అడ్డంగా పడి ఉంది. దాన్ని పక్కకు దొర్లించడానికి సిపాయిలు ముందుకు వెళ్లగానే గుట్ట మీద నుంచి తుపాకులు పేలాయి. పదకొండు మందిలో ఎనిమిది మందికి గాయాలయ్యాయి. సార్జెంట్ బెంజమిన్ బ్రౌన్‌కు కడుపులో గుండు దిగింది. అయినా కాలుస్తూనే ఉన్నాడు. రెండు చేతులకూ దెబ్బలు తగిలాకే ఆగాడు. కార్పొరల్ ఐజయా మేస్‌కు రెండు కాళ్లకూ గుళ్లు తగిలాయి. అతను కొంత నడిచి, కొంత పాకి, సుమారు రెండు మైళ్ల దూరంలో ఉన్న ఒక పశువుల క్షేత్రానికి చేరి సాయం పిలిచాడు. అల్లా దయ, ఎవరి ప్రాణమూ పోలేదు. ఖజానా మాత్రం పోయింది.

వామ్ మామూలు గుమాస్తా కాదు, అంతర్యుద్ధంలో పోరాడినవాడు. ఈ సిపాయిల కన్నా బాగా పోరాడినవాళ్లను ఆ యుద్ధంలో కూడా చూడలేదని తన రిపోర్టులో రాశాడు. బ్రౌన్‌కూ మేస్‌కూ 1890లో మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. అక్కడ ఫౌజు ఇచ్చే అన్నిటికన్నా పెద్ద ఇజ్జత్ అదే. మిగతావాళ్లలో ఎనిమిది మందికి యోగ్యతా పత్రాలు దక్కాయి.

అనుమానితులు దొరికారు. ఎక్కువమంది పక్క లోయలోని పీమా ఊరివాళ్లే. ఎనిమిది మంది మీద ట్యూసన్‌లో ముకద్దమా నడిచింది. 1889 డిసెంబరులో జ్యూరీ ఎనిమిది మందినీ నిర్దోషులంది. ముజ్రిమ్ ఎవరో చట్టం ముందు తేలలేదు. డబ్బు ఖజానాకు తిరిగి రాలేదు.

అప్పుడు సర్కారు లెక్కల పుస్తకంలో ఆ మొత్తం ఎవరి పేరు మీద మిగిలింది? వామ్ పేరు మీద.

ఇది ఎవరో అధికారి కక్షకొద్దీ చేసిన పని కాదు, కానూన్ అలాగే ఉంది. 1845లో అమెరికా సుప్రీంకోర్టు ప్రెస్కాట్ కేసులో ఈ సంగతి తేల్చేసింది. ఆయన సర్కారు సొమ్ము వసూలు చేసే ఉద్యోగి. సొమ్ము దొంగలు ఎత్తుకుపోయారు, నా తప్పు లేదు అన్నాడు. కోర్టు వినలేదు. జామీను పత్రం రాసి డబ్బు పుచ్చుకున్నావు, తిరిగి అప్పగిస్తానన్నావు, అప్పగించు అంది. దొంగతనం జరిగిందంటే చాలు, విడిచిపెడతాం అంటే రేపు ప్రతివాడూ అదే చెబుతాడని కోర్టు భయం. ఆ భయం పూర్తిగా తప్పని నేను అనలేను. తర్వాత 1872లో అదే కోర్టు, యుద్ధంలో శత్రువు బలవంతంగా లాక్కున్న సొమ్ముకు మినహాయింపు ఇచ్చింది. మామూలు దోపిడీకి ఆ తలుపు తెరవలేదు.

ఒక మేజర్‌కు ఆ రోజుల్లో అసలు జీతం సాలుకు 2,500 డాలర్లు. అంటే తినకుండా, తాగకుండా పదకొండేళ్లకు పైగా జీతం మొత్తం కడితే గాని ఆ బాకీ తీరదు. పై అధికారి జాలిపడ్డా లాభం లేదు. ఖజానా సొమ్ము చట్టం లేకుండా బయటికి పోకూడదని ఆ దేశ రాజ్యాంగంలోనే రాసి ఉంది. ఖజానాకు రావలసిన బాకీని మాఫీ చేసే ఇఖ్తియార్ కూడా ఏ ఒక్క అఫ్సర్ చేతిలోనూ లేదు. అది కాంగ్రెస్ చేతిలో ఉంది. బాధితుడు అర్జీ పెట్టుకోవాలి, కమిటీ వినాలి, రెండు సభలూ ఒప్పుకోవాలి. ఒక్క మనిషి పేరు మీద ఒక చట్టం! వామ్‌కు అలాంటి చట్టం 1891లో వచ్చింది. దోపిడీ జరిగిన రెండేళ్లకు అతని హిసాబ్ సాఫ్ అయింది.

అంతర్యుద్ధం అయిపోగానే ఇలాంటి అర్జీలు కాంగ్రెస్ ముందు గుట్టలు పడకుండా ఒక దారి వేశారు. 1866 మే 9న వచ్చిన చట్టం పేమాస్టర్ల వంటి అధికారుల ఫిర్యాదులు వినే అధికారం కోర్ట్ ఆఫ్ క్లెయిమ్స్‌కు ఇచ్చింది. డ్యూటీలో ఉండగా, తన తప్పు గానీ నిర్లక్ష్యం గానీ లేకుండా సొమ్ము పోయిందని రుజువు చేసుకుంటే కోర్టు ఆ మేరకు విముక్తి ఇవ్వొచ్చు. 1919లో నేవీ అధికారులకు, 1944లో ఆర్మీ అధికారులకు ఇంకా సులువైన పద్ధతి వచ్చింది. అతను డ్యూటీలో ఉన్నాడు, తప్పు లేదు అని శాఖాధిపతి తేలిస్తే ఖజానా లెక్కల అధికారులు ఆ మాటను ఒప్పుకోవాల్సిందే. ప్రెస్కాట్ రోజుల నుంచి చూస్తే, "పోయిందా, కట్టు" అన్న కానూన్ "నీ తప్పుందా?" అని అడగడం నేర్చుకోవడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

ఇక్కడితో ఆపేస్తే మంచి ముగింపే. కానీ ఆ రోజు గుట్ట కింద ఇంకొకడు కూడా ఉన్నాడు కదా.

ఐజయా మేస్ వర్జీనియాలో గులాంగా పుట్టాడు. ఫౌజు వదిలాక కూలిపని చేసుకుని బతికాడు. 1922లో పెన్షన్ కోసం అర్జీ పెడితే ఇవ్వలేదు. మతి చెడినవాళ్లనూ, దిక్కులేని పేదలనూ ఉంచే ఫీనిక్స్ ఆసుపత్రిలో 1925లో కన్నుమూశాడు. ఖబర్ మీద పేరు లేదు, ఒక నంబరు మాత్రం ఉంది. 2009లో ఆయన అవశేషాలను తీసి ఆర్లింగ్టన్ సైనిక ఖబ్రస్తాన్‌లో లాంఛనాలతో మళ్లీ దఫన్ చేశారు.

వామ్‌కు దక్కిన మాఫీని నేను తక్కువ చేయడం లేదు. అది హక్కే, ఆలస్యంగా వచ్చిన ఇన్సాఫ్. కానీ పోయిన నాణేలు ఒక పుస్తకంలో అంకెలుగా ఉన్నాయి, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో కొట్టేయాల్సిందే. కారిన రక్తం మాత్రం ఏ పుస్తకంలోనూ బాకీగా రాసి లేదు. అందుకే దాన్ని తీర్చాలని ఎనభై నాలుగేళ్లు ఎవరికీ తోచలేదు.

అబ్బాజాన్ కోతపడిన ఆ జీతం రసీదును చివరిదాకా పెట్టెలో దాచుకున్నారు. ఎందుకు దాచారని ఒకసారి అడిగాను. "నేను తీయలేదని అందులో రాసి లేదు బేటా, కానీ కట్టానని రాసి ఉంది" అన్నారు.