కెమెరా ముందు మెక్‌నమారా: ఏం ఒప్పుకున్నాడు, ఏం దాటేశాడు?

ఈరోజు ఎనభై అయిదేళ్ల ఒక పెద్దాయన ఇంటర్వ్యూ గురించి మాట్లాడుకుందాం. పేరు రాబర్ట్ మెక్‌నమారా. 1961 నుంచి 1968 దాకా అమెరికా రక్షణ మంత్రి. వియత్నాం యుద్ధం ముదిరింది ఈయన హయాంలోనే. ఎరోల్ మోరిస్ 2003లో తీసిన 'ది ఫాగ్ ఆఫ్ వార్' డాక్యుమెంటరీ దాదాపు మొత్తం ఈయన మాటల మీదే నడుస్తుంది. దానికి ఆస్కార్ కూడా వచ్చింది.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు చూశా దీన్ని. రోజంతా డ్యాష్‌బోర్డులు, నంబర్లు. అందుకేనేమో ఈయన నాకు బాగా తెలిసిన మనిషిలా అనిపించాడు. మెక్‌నమారా అసలు లెక్కల మనిషి కదా. హార్వర్డ్‌లో పాఠాలు చెప్పాడు, తర్వాత ఫోర్డ్ కంపెనీకి ప్రెసిడెంట్ అయ్యాడు. మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం. అక్కడ ఆయన పని బాంబర్ విమానాలు ఎంత బాగా పనిచేస్తున్నాయో లెక్క తేల్చడం.

1945 మార్చి 9 రాత్రి టోక్యో మీద నిప్పు బాంబులు కురిశాయి. ఊళ్లో ఎక్కువ చెక్క ఇళ్లే. ఒక్క రాత్రిలో సుమారు లక్ష మంది పోయారు. దాడి చేయించింది జనరల్ కర్టిస్ లీమే, ఆయన కింద లెక్కలు చూసినవాళ్లలో మెక్‌నమారా ఒకడు. సినిమాలో ఈ సంగతి చెప్తూ ఆయన ఒక మాటంటాడు. మనం ఓడిపోయుంటే మనల్నే యుద్ధ నేరస్తులుగా విచారించేవాళ్లని లీమే అన్నాడట, అది నిజమేనట. ఓడితే తప్పయ్యేది గెలిస్తే ఎందుకు కాదు అని ఆయనే అడుగుతాడు. అప్పుడే స్క్రీన్ మీద కాలిపోయిన జపాన్ నగరాల పేర్లు, పక్కనే అంతే సైజున్న అమెరికా నగరాల పేర్లు వస్తాయి. టొయామా, 99 శాతం నాశనం. అంటే అమెరికాలో చట్టనూగా మొత్తం పోయినట్టు. నేను అక్కడ వీడియో ఆపేశా.

ఇంకోటి, ఆయన సూటిగా మన కళ్లలోకే చూస్తుంటాడు. మోరిస్ దానికి 'ఇంటరోట్రాన్' అనే ఏర్పాటు చేశాడు. నేనిప్పుడు చదువుతున్న ప్రాంప్టర్ లాంటిదే, కాకపోతే అందులో అక్షరాల బదులు డైరెక్టర్ మొహం కనిపిస్తుంది.

సరే, ఇక వియత్నాం. టోక్యో రోజుల్లో ఆయన కింది స్థాయి అధికారి, వియత్నాం నాటికి మంత్రి. మాట మారేది కూడా ఇక్కడే. అడవుల మీద చల్లిన ఏజెంట్ ఆరెంజ్ విషం సంగతి వచ్చేసరికి, తాను అనుమతి ఇచ్చినట్టు గుర్తులేదంటాడు. తన హయాంలో అది జరిగిందని మాత్రం ఒప్పుకుంటాడు. చూడండి, టోక్యో విషయంలో 'మేం చేశాం' అన్న మనిషి ఇక్కడ 'జరిగింది' అంటున్నాడు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. 1967 నవంబర్‌లోనే బాంబింగ్ ఆపేద్దామని ఆయన ప్రెసిడెంట్ జాన్సన్‌కి రహస్యంగా మెమో రాశాడు. అంటే లోపల తెలుసు. 1968 ఫిబ్రవరిలో దిగిపోయి ప్రపంచ బ్యాంకుకి వెళ్లి, అక్కడ 13 ఏళ్లు అధ్యక్షుడిగా ఉన్నాడు. మేం తప్పు చేశామని పుస్తకం రాసింది 1995లో. ఆ యుద్ధంలో చనిపోయిన అమెరికా సైనికులు 58 వేల పైచిలుకు, అందులో సగానికి మించి ఆయన కుర్చీ దిగాక పోయినవాళ్లే. వియత్నాం వాళ్ల ప్రాణాలైతే లక్షల్లో.

సినిమా చివర్లో మోరిస్ ఫోన్‌లో ఇదే అడుగుతాడు. పదవి దిగాక యుద్ధానికి వ్యతిరేకంగా ఎందుకు మాట్లాడలేదు? స్క్రీన్ మీద పెద్దాయన కారు నడుపుతుంటాడు. ఇంతకు మించి చెప్పనంటాడు. చెప్పినా తిట్లే, చెప్పకపోయినా తిట్లే, అలాంటప్పుడు చెప్పకుండానే తిట్లు తింటానంటాడు. అంతే, సినిమా అయిపోతుంది.

ఇదే మోరిస్ 2013లో ఇరాక్ యుద్ధం నాటి రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్‌ని కూడా కెమెరా ముందు కూర్చోబెట్టాడు. ఈయన మాత్రం తెగ నవ్వుతుంటాడు. ఆ కథ వచ్చే ఎపిసోడ్‌లో.