కుంటు, అంగ, దూకు: విక్టర్ సనేయెవ్ కథ

ఈసారి చరిత్ర వ్యాసం. వాక్యాలు చిన్నవిగా రాస్తున్నాను. నాలాగా ఇంగ్లీషు మీడియంలో చదివి, పెద్దయ్యాక తెలుగు చదవడం నేర్చుకున్నవాళ్ళు కూడా ఆగకుండా చదవగలగాలని నా ఆశ.

ముందు మూడు మాటలు నేర్చుకుందాం. తొక్కుడుబిళ్ళ ఆటలో ఒంటికాలి మీద గెంతడాన్ని కుంటడం అంటాం. కాలు బాగా చాపి వేసే పెద్ద అడుగు అంగ. రెండు కాళ్ళూ నేల విడిచి ముందుకు వెళ్తే దూకడం. ట్రిపుల్ జంప్ అంటే ఈ మూడే, ఇదే వరుసలో. పరుగెత్తుకుంటూ వచ్చి, పలక మీద కాలు మోపి గాలిలోకి లేవాలి. మొదట అదే కాలి మీద దిగాలి. తరువాత రెండో కాలి మీద దిగాలి. చివరికి ఇసుకలోకి దూకాలి. పలక దాటి కాలు పడితే ఆ దూకుడు లెక్కలోకి రాదు.

ఈ ఆటలో మూడు ఒలింపిక్స్‌లో వరుసగా బంగారు పతకం గెలిచిన మనిషి ఒక్కడే. అతని పేరు విక్టర్ సనేయెవ్. 1945 అక్టోబర్ 3న సుఖుమిలో పుట్టాడు. అది నల్ల సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, అప్పట్లో సోవియట్ జార్జియాలో భాగం. మొదట హైజంప్ చేసేవాడు. అకోప్ కెర్సెల్యాన్ అనే కోచ్ దగ్గర ట్రిపుల్ జంప్ నేర్చుకున్నాడు. చదువుకున్నది ఉష్ణ ప్రాంతపు పంటల గురించి.

1968లో మెక్సికో సిటీ ఒలింపిక్స్ వచ్చాయి. అప్పటికి ప్రపంచ రికార్డు 17.03 మీటర్లు. పోలండ్‌కు చెందిన యూజెఫ్ ష్మిట్ 1960లో దూకిన దూరం అది. ఎనిమిదేళ్ళు ఎవరూ దాన్ని దాటలేదు. మెక్సికోలో రెండు రోజుల్లో ఆ రికార్డు ఐదుసార్లు మారింది. ఇటలీ ఆటగాడు జూసెప్పె జెంటిలె అర్హత పోటీలో 17.10, ఫైనల్‌లో 17.22 దూకాడు. సనేయెవ్ ఒక్క సెంటీమీటరు ఎక్కువగా 17.23 దూకాడు. బ్రెజిల్‌కు చెందిన నెల్సన్ ప్రుడెన్సియో 17.27 దూకాడు. సనేయెవ్‌కు ఇంక ఒక్క అవకాశమే మిగిలింది. ఆ ఆఖరి దూకుడులో 17.39 వచ్చింది. అప్పుడతని వయసు 23. ప్రపంచ రికార్డు బద్దలు కొట్టిన జెంటిలెకు దక్కింది మూడో స్థానం. ఆ ఊరు సముద్ర మట్టానికి రెండు వేల మీటర్లకు పైగా ఎత్తున ఉంది. అక్కడ గాలి పలచన. అది అందరికీ కలిసొచ్చింది కానీ, ఆఖరి అవకాశంలో తడబడకపోవడం మాత్రం సనేయెవ్ గొప్పతనమే.

1971లో క్యూబా కుర్రవాడు పెడ్రో పెరెజ్ 17.40 దూకి రికార్డు తీసుకున్నాడు. 1972లో సనేయెవ్ మ్యూనిక్‌లో రెండో బంగారు పతకం గెలిచాడు. అదే ఏడాది అక్టోబర్ 17న, సొంత ఊరు సుఖుమిలో, 17.44 దూకి రికార్డు తిరిగి తెచ్చుకున్నాడు. మెక్సికో ఫైనల్ జరిగి ఆ రోజుకు సరిగ్గా నాలుగేళ్ళు. 1976లో మాంట్రియల్‌లో అమెరికన్ జేమ్స్ బట్స్ ముందుకు వెళ్ళినా, సనేయెవ్ ఐదో ప్రయత్నంలో 17.29 దూకి మూడో బంగారం అందుకున్నాడు.

1980లో ఒలింపిక్స్ మాస్కోలో జరిగాయి. ప్రారంభోత్సవంలో జ్యోతిని స్టేడియంలోకి తెచ్చింది సనేయెవే. వయసు 34. ఆఖరి ప్రయత్నంలో 17.24 దూకాడు. రెండో స్థానం వచ్చింది. గెలిచింది అదే సోవియట్ జట్టులోని ఎస్టోనియా ఆటగాడు యాక్ ఊద్‌మే, 17.35తో.

ఈ పోటీ మీద ఒక మచ్చ ఉంది, అది కూడా చెప్పాలి. బ్రెజిల్‌కు చెందిన డి ఒలివేరా, ఆస్ట్రేలియాకు చెందిన ఇయాన్ క్యాంప్‌బెల్ ఇద్దరూ కలిసి పన్నెండుసార్లు దూకారు. అందులో తొమ్మిది చెల్లవని అధికారులు అన్నారు. అది న్యాయమా, అన్యాయమా అని ఇప్పటికీ వాదన నడుస్తోంది. సనేయెవ్ పతకాన్ని మెచ్చుకునేవాళ్ళు ఈ సంగతి దాచకూడదని నా అభిప్రాయం.

తరువాత దేశమే లేకుండా పోయింది. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయింది. ఆటగాళ్ళ చొక్కాల మీద పేర్లు మారాయి. లాట్వియాకు చెందిన మారిస్ బ్రూజిక్స్ 1986లో మాడ్రిడ్‌లో 17.54 దూకి యూరప్ ఇండోర్ పోటీల్లో గెలిచినప్పుడు సోవియట్ ఆటగాడు. తరువాత లాట్వియా తరఫున దూకాడు. మనిషి అతనే, కాళ్ళు అవే. జెండా వేరు.

సనేయెవ్‌కు అప్పటికి ఆట అయిపోయింది. 1990ల మొదట్లో భార్యను, కొడుకును తీసుకుని ఆస్ట్రేలియా వెళ్ళాడు. కొత్త దేశం, కొత్త భాష. కొన్నాళ్ళు పిజ్జాలు ఇంటింటికీ ఇచ్చే పని చేశాడు. డబ్బు కోసం పతకాలు అమ్ముదామా అని కూడా ఆలోచించాడని వార్తల్లో వచ్చింది. తరువాత సిడ్నీలో ఒక స్కూల్లో వ్యాయామం నేర్పే ఉద్యోగం దొరికింది. కుర్రవాళ్ళకు దూకడం నేర్పాడు. మాస్కోలో క్యాంప్‌బెల్ ఏ దేశం తరఫున ఓడిపోయాడో, ఆ దేశమే చివరికి సనేయెవ్‌కు ఇల్లయింది. 2022 జనవరి 3న సిడ్నీలోనే కన్నుమూశాడు. వయసు 76.

నేను సేవ చేసే గుడి వంటగదిలో ఇలాంటి జీవితాలు చూస్తుంటాను. అక్కడ పులిహోర కలిపే ఒకాయన మన ఊళ్ళో లెక్చరర్‌గా పని చేశారు. ఇక్కడికి వచ్చిన కొత్తలో గిడ్డంగిలో పెట్టెలు మోశారు. ఆ పెట్టెల గురించి ఆయన పిల్లలకు తెలుసు. ఆ పాఠాల గురించి తెలియదు. ఎందుకంటే ఆ కథ తెలుగులో ఉంది, పిల్లలకు తెలుగు రాదు.

సనేయెవ్ పిజ్జా తెచ్చి తలుపు తట్టినప్పుడు, తలుపు తీసినవాళ్ళలో ఎంతమంది అతన్ని గుర్తుపట్టి ఉంటారు? దూరం నుంచి వచ్చిన ప్రతి మనిషి వెనకా మనకు కనపడని ఒక మైదానం ఉంటుంది. దాని గురించి అడగడానికి వాళ్ళ భాష కొంచెమైనా రావాలి. మనం ఈ వయసులో అక్షరాలు దిద్దుకోవడం అందుకే అని నేను అనుకుంటాను.

ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్ళను ఒక ప్రశ్న అడగండి: "ఇక్కడికి రాకముందు మీరు ఏం చేసేవారు?" జవాబు తెలుగులో రాయండి. నాలుగు వాక్యాలు చాలు.