మిగులు లెక్కలో ముసలమ్మ

సెయింట్ మేరీ మీడ్ అనే పల్లెటూళ్ళో ఉండే పెళ్ళికాని ముసలావిడ, చేతిలో ఊలూ అల్లిక సూదులూ. ఈవిడ హంతకుల్ని పట్టుకోవడమేమిటండీ? మన కొమ్మూరి వారి యుగంధర్‌కి రాజు అనే అసిస్టెంటైనా ఉన్నాడు! అయినా అగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్ పట్టుకుంటుంది, పన్నెండు నవలల్లో, ఇరవై కథల్లో. వీటిని కోజీ మిస్టరీలంటారు. నెత్తురు తక్కువ, టీ కప్పులు ఎక్కువ, దుప్పటి కప్పుకుని హాయిగా చదువుకునే రకం. ఆ హాయి వెనకున్న చరిత్ర మాత్రం అంత హాయైనది కాదు.

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ ఏడు లక్షలమందికి పైగా సైనికుల్ని పోగొట్టుకుంది. అంతకుముందూ అక్కడ ఆడవాళ్ళే ఎక్కువ గానీ, యుద్ధంతో తేడా ఇంకా పెరిగింది. 1921 జనాభా లెక్కల్లో మగవాళ్ళకంటే సుమారు 17 లక్షలమంది ఎక్కువ తేలారు. వాళ్ళకి పత్రికలు పెట్టిన పేరు 'మిగులు స్త్రీలు'. గోడౌన్లో సరుకు లెక్క రాసినట్టు! కెనడాకో ఆస్ట్రేలియాకో పంపేద్దామన్న సలహాలు కూడా వచ్చాయి.

ఆ దశాబ్దంలోనే, 1927 డిసెంబర్లో, ఒక పత్రికాకథలో మార్పుల్ మొదటిసారి కనిపించింది. మరుసటేడే పాట్రీషియా వెంట్‌వర్త్ నవలలో మిస్ సిల్వర్ వచ్చింది, ఈవిడ ఒకప్పటి గవర్నెస్. (నిజానికి అమెరికాలో అన్నా కాథరిన్ గ్రీన్ 1897లోనే ఇలాంటి ఆవిడతో నవల రాసింది.) వయసు చూస్తే మార్పుల్ ఆ 'మిగులు' ఆడవాళ్ళకి పెద్దమ్మో పిన్నమ్మో అవుతుంది. లెక్కలోకి రాకపోవడం మాత్రం ఇద్దరికీ ఒకటే. ఆవిడ ఆయుధం కూడా అదే: మూల కూర్చుని ఊలు అల్లుకునే ముసలమ్మ ముందు ఎవరూ మాట దాచుకోరు. ఆ పైన ప్యాటర్న్ మ్యాచింగ్. ఎవరి ప్రవర్తన చూసినా తన ఊళ్ళో ఎప్పుడో తప్పుచేసిన పనిమనిషో, కొట్టు కుర్రాడో గుర్తొస్తారు. లాగ్ ఫైళ్ళు తవ్వి బగ్గులు పట్టేవాళ్ళకి ఇది తెలిసిన విద్యే.

నా మటుకు నాకు వీటిలో చరిత్ర బాగా పట్టిచ్చిన నవల 1950లో వచ్చిన 'ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్'. రెండో యుద్ధం అయిపోయింది, ఊరినిండా కొత్త మొహాలు. ఒకప్పుడు ఎవరెవరి పిల్లలో ఊరందరికీ తెలుసు. ఇప్పుడు ఎవరు తామెవరని చెబితే వాళ్ళే! చేతిలో రేషన్ పుస్తకమూ, 1939లో మొదలై 1952 దాకా నడిచిన గుర్తింపు కార్డూ ఉంటాయి గానీ, మామూలు కార్డు మీద ఫోటో లేదు, వేలిముద్ర లేదు. అంటే ఆథెంటికేషన్ మొత్తం నోటిమాట మీదే. హత్య కథ అంతా ఆ సందులోంచే దూరుతుంది. కథ చెప్పనులెండి.

2020లో రిచర్డ్ ఆస్మన్ 'ది థర్స్‌డే మర్డర్ క్లబ్' రాసినప్పుడు డిటెక్టివులు వృద్ధుల నివాసంలో ఉండే నలుగురు. సరదాగా ఉంటుంది, కానీ అందులో ఎలిజబెత్ మాజీ గూఢచారి. అక్కడే నాకు కాస్త వెలితి. మార్పుల్‌కి అలాంటి ఘనమైన గతం ఏదీ లేదు. అరెస్టు చెయ్యాలంటే ఇన్‌స్పెక్టర్ రావాలి. ఆయనొస్తే టీ ఇచ్చి కూర్చోబెడుతుంది.