పుస్తకంలో కాలు, మనిషి కాలు

ధర్మపురి గోదావరి రేవులో మెట్లు దిగే పెద్దవాళ్లు మధ్యలో ఆగి, పిక్క పట్టుకుని "నరం గుంజుతున్నది" అంటారు. ఏ నరమో అడిగితే చెప్పలేరు. తెలుగులో ఆ ఒక్క మాటే మూడింటికి చాలింది. పిక్క మీద నీలంగా ఉబ్బిన రక్తనాళమూ నరమే, మడమ వెనక తాడులా బిగిసేదీ నరమే, తిమ్మిరిని మోసుకొచ్చేదీ నరమే. ఇది చదువులేనివాళ్ల తికమక అనుకోనక్కర్లేదు. గ్రీకుల 'న్యూరాన్' కూడా మొదట వింటినారికీ, కండను ఎముకకు కట్టే తాడుకూ పేరు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హిరోఫిలస్ శవాలు కోసి చూసి, స్పర్శ తెలిపే నరాలు వేరు, కదలిక నడిపేవి వేరు అని చెప్పిన తర్వాతే ఆ మాటకు ఇప్పటి అర్థం మొదలైంది.

మన దగ్గర సుశ్రుతుడు శవాన్ని గడ్డితో చుట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు నానబెట్టి, కుంచెతో పొర పొరగా రుద్ది చూడమన్నాడు. ఒంట్లో 107 మర్మాలు లెక్కపెట్టి ఒక్కో కాలికి 11 ఇచ్చాడు. పిక్క నడుమ ఉండేది ఇంద్రబస్తి. సిరలు 700 అన్నాడు, స్నాయువులు 900 అన్నాడు. స్పర్శ నరాలకు మాత్రం విడిగా పద్దు లేదు. నానిన చర్మాన్ని కుంచెతో రుద్దే పద్ధతిలో, ఆ చర్మం కిందే దారప్పోగుల్లా సాగే నరాలు చేతికి చిక్కడం కష్టమే. తప్పు పట్టాల్సింది ఆయన చూపును కాదు, పనిముట్టును.

ఆ పోగుల్లో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది పిక్క నరం. వైద్యులు సూరల్ నరం అంటారు. లాటిన్‌లో 'సూర' అంటే పిక్కే. మోకాలి వెనక పెద్ద నరం నుంచి ఒక పాయ బయల్దేరి పిక్క కండ రెండు తలల మధ్యనుంచి దిగుతుంది. మోకాలి కింద బయటివైపు చేతికి తగిలే సన్న ఎముక తలను చుట్టివచ్చే నరం నుంచి ఇంకో పాయ వస్తుంది. రెండూ కలిసి బయటి చీలమండ వెనకగా సాగి, పాదం బయటి అంచుకూ చిటికెన వేలికీ స్పర్శ ఇస్తాయి. 1858లో హెన్రీ గ్రే రాసిన శరీర నిర్మాణ గ్రంథంలో దీని పేరు వేరు, కథ మాత్రం ఇదే. 1895లో జర్మన్ శాస్త్రజ్ఞుల సంఘం బేసెల్‌లో పేర్ల జాబితా ఖాయం చేసి గందరగోళం తగ్గించింది. అదే ఊపులో బొమ్మ కూడా ఖాయమైపోయిందన్నది నా అనుమానం. విద్యార్థికి ఒకే కాలు మిగిలింది. అలా లేని కాలు 'అపవాదం' అయింది.

అపవాదాలను లెక్కపెట్టే ఓపిక 20వ శతాబ్దంలో వచ్చింది. 1926లో కోసిన్‌స్కీ మోకాలి కింది చర్మ నరాల దారుల మీద పెద్ద వ్యాసం వెలువరించాడు. 1939లో పాన్ చైనీయుల పాదాల చర్మ నరాలను పరిశీలించాడు. 1957లో హ్యూల్కీ సూరల్ నరం పుట్టుక ఒక్కదాన్నే పట్టుకున్నాడు. 2002లో థాయ్ పరిశోధకులు 152 నరాలు విప్పి చూస్తే, పుస్తకం చెప్పినట్టు రెండు పాయలు కలిసినవి మూడింట రెండు వంతులే. మిగిలిన వాటిలో దాదాపు అన్నిటికీ లోపలి పాయ ఒక్కటే, బయటి పాయ వచ్చి కలవదు. కలిసిన చోట కూడా ఆ చోటు ఒకటి కాదు. ఒకరికి మోకాలి దగ్గరే, ఒకరికి పిక్క నడుమ, ఇంకొకరికి చీలమండ దాకా వచ్చాక. ఒకే మనిషి కుడికాలూ ఎడమకాలూ ఏకీభవించని సందర్భాలూ ఉన్నాయి. మీగాలు మీదైతే సరిహద్దు తగాదానే. కొందరిలో పిక్క నరం చిటికెన వేలితో ఆగక నాలుగో వేలికీ, మూడో వేలి సగానికీ పాకుతుంది. ఆ మేరకు పక్క నరం వెనక్కి తగ్గుతుంది. మూడింట ఒక వంతును అపవాదం అనడం నాకైతే న్యాయంగా తోచదు.

ఇదంతా శవాల గదిలో లెక్క. మన వైపు ఈ నరాలను బతికున్న కాళ్ల మీద చదివిన చరిత్ర వేరే ఉంది. అది కుష్టు చరిత్ర. జనం నోట 'పెద్దరోగం'. 1907లో వచ్చిన స్కాట్లండ్ వైద్యురాలు ఇసాబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ మెథడిస్టు మిషన్ తరఫున 1911లో నిజామాబాద్‌లో రోగులకు ఆశ్రయం మొదలుపెట్టారు. రాజా నర్సాగౌడ్ విరాళం తోడై, 1915లో డిచ్‌పల్లి ఆసుపత్రి నిలబడింది. అప్పటి మందు చాల్మోగ్రా జాతి నూనె సూదులు. అక్కడ పనిచేసిన జాన్ లోవ్ తర్వాత నైజీరియాలోని ఉజువాకొలి చేరి, 1940ల చివర డాప్సోన్ మాత్రలను వాడుకలోకి తెచ్చినవారిలో ఒకడయ్యాడు. మన పొరుగు జిల్లాలో పని నేర్చుకున్న చెయ్యి అది.

ఈ రోగం కాలి నరాలనే ఎందుకు వెతుక్కుంటుంది? దాని క్రిమికి చల్లదనం ఇష్టం. ఒంటి లోపలి వేడికన్నా నాలుగైదు డిగ్రీలు తక్కువ ఉన్నచోట బాగా పెరుగుతుంది. చర్మం కిందే సాగే నరాలు అందుకే దొరికిపోతాయి. మోకాలి పక్క నరం దెబ్బతింటే పాదం వేలాడుతుంది, లోపలి చీలమండ వెనక నరం పోతే అరికాలు మొద్దుబారుతుంది. కుష్టు వైద్యుడు వేళ్లతో తడిమి ఏది లావెక్కిందో చూస్తాడు. పిక్క వెనకా మీగాలు మీదా కూడా తడుముతాడు. బాల్‌పెన్ను మొనతో తాకుతూ ఎక్కడ తెలుస్తోంది, ఎక్కడ లేదు అని అడుగుతాడు. అక్కడ పుస్తకం బొమ్మను నమ్ముకుంటే మొద్దుబారిన చోటుకు తప్పు నరాన్ని దోషిని చేసే ప్రమాదం ఉంది.

మచ్చ లేకుండా నరానికే పరిమితమయ్యే కుష్టు మన దేశంలో అరుదు కాదు. అప్పుడు చిన్న ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. అందుకు వాడే నరాల్లో పిక్క నరం ముఖ్యమైంది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో 1960లలో డైక్ బృందం ఈ పరీక్షను పద్ధతిగా స్థిరపరిచింది. వియన్నాలో మిలెసీ తెగిన చేతి నరాలకు అతుకు వేయడానికి ఈ నరాన్నే తీసి వాడాడు. కోత సాధారణంగా బయటి చీలమండ వెనకే. పైన ఎన్ని పాయలుగా చీలివచ్చినా రేవు దగ్గరికి ఒకే ధార అయినట్టు, అక్కడ దాన్ని పట్టుకోవడం తేలిక. ఖర్చు మాత్రం రోగిదే: పాదం అంచున కొంతమేర మొద్దుతనం మిగిలిపోతుంది.

చచ్చిన నరాన్ని ఏ మందూ లేపదు. అరికాలి పుళ్లు రోగం కుళ్లు కావనీ, నొప్పి తెలియక అదే గాయం మీద నడిచిన ఫలితమనీ వెల్లూరులో పాల్ బ్రాండ్ చూపించాడు. మెత్తని రబ్బరు చెప్పులు వైద్యంలో భాగమైంది అందుకే. ఇప్పుడు అదే మొద్దుతనం షుగరు వల్ల ఇంకా ఎక్కువ ఇళ్లలో కనిపిస్తోంది. చాట ఒళ్లో పెట్టుకుని గంటల తరబడి కాళ్లు మడిచి బీడీలు చుట్టే ఆడవాళ్ల తిమ్మిరి సంగతి వేరు, అక్కడ నలిగేది మోకాలి పక్క నరం. అన్నిటికీ నోటిమాట మాత్రం ఒకటే, "తిమ్మిరెక్కింది".

హైదరాబాద్‌లో వైద్యపాఠశాల 1846లో మొదలైంది, వరంగల్‌కు కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో వచ్చింది. ధర్మపురి ఉన్న జగిత్యాల జిల్లాకు 2022లో గానీ రాలేదు. అక్కడ మొదటి ఏడాది పిల్లలు ఇప్పుడు కాళ్లు విప్పి చూస్తున్నారు. వాళ్లను అడిగేది ఒక్కటే: ప్రతి కాలికీ పిక్క నరం పాయలు ఎక్కడ కలిశాయో, అసలు కలిశాయో లేదో ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. ఇక చదువరులకు: స్పర్శ లేని మచ్చ కనిపించినా, పాదం కారణం లేకుండా మొద్దుబారినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి. కుష్టు అని తేలితే మందు ఆరు నెలలో ఏడాదో వాడాలి, అది ఉచితం.