ఓరుగల్లు వీధిలో వీరగానం

హెవీ రాక్ అభిమానులు ఇద్దరు కలిస్తే మాట చివరికి గొంతు దగ్గరికే చేరుతుంది. 1970లో వచ్చిన డీప్ పర్పుల్ వారి 'చైల్డ్ ఇన్ టైమ్'లో ఇయాన్ గిలాన్ పై స్థాయిలో పెట్టిన కేక గొప్పదా, అదే ఏడు బ్లాక్ సబ్బాత్ తొలి రికార్డులో ఆజీ ఆస్‌బర్న్ గొంతులో పలికిన దిగులు గొప్పదా అని గంటలు గడిపేస్తారు. ఈ హోరూ ఊగిపోవడమూ మన సంస్కారం కాదనీ, కాలేజీ కుర్రాళ్ల వెంట వచ్చిన దిగుమతి సరుకనీ పెద్దల మాట. గిటారు దిగుమతే, కాదనను. దరువుకు ఎదురు నిలిచి గొంతెత్తి పాడటం, వింటూ ఒళ్లు మరచి తూలటం, ఆ పాటను నేస్తానికి చూపి మురవటం మాత్రం వరంగల్‌కు ఆరు వందల ఏళ్ల కిందటే తెలుసు.

సాక్ష్యం వినుకొండ వల్లభరాయని 'క్రీడాభిరామం'. మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో పొద్దంతా తిరుగుతూ కంటబడినదల్లా ఒకరికొకరు చెప్పుకుంటారు. ఒకచోట ఒక స్త్రీ పల్నాటి వీరుల కథ పాడుతూ ఉంటుంది. తాళం ద్రుతం, ఛందస్సు ద్విపద. మూడు ఇంద్రగణాల మీద నడిచి ఒక సూర్యగణంతో టక్కున ఆగే పాదం అది. ఆ ఆగినచోట దరువు పడటానికి చోటుంటుంది. వాద్యం మోతను కవి పద్యంలోని అక్షరాల్లోనే వినిపిస్తాడు. పడుచువాళ్లు ఆమె పలికిన అక్షరం అక్షరానికీ కేకలు పెడుతూ తూలిపోయారట. నేటి కచేరీలో వేదిక ముందు గుంపును చూసినవారికి ఈ దృశ్యం కొత్త కాదు.

ఇది కవి కల్పన కదా, పైగా 1323లో ఓరుగల్లు కోట కూలిన చాలాకాలానికి రాసింది కదా అనవచ్చు. కర్త శ్రీనాథుడే అన్న వేటూరి ప్రభాకరశాస్త్రి గారి వాదం కూడా ఉంది. కానీ దీనికి మూలం కాకతీయుల కాలం నాటి రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత 'ప్రేమాభిరామం'. మూలం మనకు దక్కలేదు కనుక ఈ స్త్రీ అందులోనూ ఉందని పందెం కాయను. ఎవరు రాసినా, వీధిలో అలాంటి పాట చూడని కవికి తాళమూ ఛందస్సూ శ్రోతల తూలింతా ఇంత కచ్చితంగా కుదరవు. వీధిపాట కళే కాదనేవారికి జాయప సేనాని జవాబు చాలు. కాకతీయ రాజు గణపతిదేవుడి గజసేనాధిపతి అయిన ఆయన 1253–54లో ముగించిన 'నృత్తరత్నావళి' ఎనిమిది అధ్యాయాల్లో నాలుగింటిని దేశికే, అంటే జనపదాల్లో వాడుకలో ఉన్న రీతులకే, ఇచ్చాడు.

వీరగానంలో భక్తి ఉంది, రాక్‌లో ఏముంది అన్నది ఇంకొంచెం గట్టి అభ్యంతరం. రెంటికీ వంశం ఒకటని నేనూ అనను. రెంటి ముందూ ఉన్న చిక్కు ఒకటి. డోలు మోత కింది స్థాయిలో దద్దరిల్లుతుంటే మాట వినబడాలంటే గొంతు పైకి పోవాల్సిందే. ఐనవోలు మల్లన్న జాతరలోనో, బీరప్ప పండుగలోనో ఒగ్గు కథకుడు చేసేది అదే. వంతలు అందుకునేలోపు ఊపిరి కూడదీసుకుని, మళ్లీ డోలు మీదుగా మాట విసురుతాడు. మైకులు లేని కాలంలో తెల్లవార్లూ అలా లాగడానికి ఎంత సాధన కావాలో సభల్లో కూర్చుని వినేవాళ్లం సాధారణంగా లెక్కలోకి తీసుకోం. గిలాన్‌కు డోలు బదులు యాంప్లిఫయర్లు అడ్డొచ్చాయి. ఆయనా పైకే పోయాడు.

పాత వరంగల్ జిల్లా మాణిక్యాపురానికి చెందిన ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్యకు 2014 సంవత్సరపు సంగీత నాటక అకాడమీ పురస్కారం దక్కింది. 2017లో ఆయన కన్నుమూశారు. గిలాన్ పేరు రికార్డు అట్ట మీద ఉంది, సత్తయ్య పేరు అకాడమీ జాబితాలో ఉంది. ఓరుగల్లు వీధిలో పడుచువాళ్లను తూలించిన ఆ గాయని తాళం చెప్పి, ఛందస్సు చెప్పి, పేరు మాత్రం కవి చెప్పలేదు.