పొరల విల్లు

పొరల విల్లు అనగా రెండు లేక అంతకంటె ఎక్కువ పలుచని చెక్క బద్దలను జిగురుతో ఒకదానిపై ఒకటి అతికించి తయారుచేసిన విల్లు. దీనిని ఆంగ్లంలో లామినేటెడ్ బో అంటారు. ఒకే కొయ్యతో చెక్కిన వింటిని ఏకకాష్ఠ విల్లు అని, కొమ్ము, కొయ్య, జంతువుల నరాలు కలిపి చేసిన వింటిని మిశ్రమ విల్లు అని వ్యవహరిస్తారు. పొరల విల్లు ఈ రెండింటికీ మధ్యస్థమైనది. సామాన్యమైన వడ్రంగి పనిముట్లతో ఇంటివద్దనే దీనిని తయారు చేయవచ్చును. అయితే వంగిన వింటిలో గణనీయమైన శక్తి నిలువ ఉంటుంది కనుక నిర్మాణంలో పొరపాటు జరిగితే అది విరిగి గాయపరచే ప్రమాదం కలదు.

చరిత్ర

జపాను దేశపు సంప్రదాయ విల్లు 'యుమి' పొరల విండ్లలో మిక్కిలి ప్రసిద్ధమైనది. మొదట ఏకకాష్ఠంగా ఉన్న ఈ వింటికి కాలక్రమంలో వెలుపలి వైపున, ఆ తరువాత రెండు వైపులా వెదురు బద్దలను అతికించసాగారు. దీని పొడవు రెండు మీటర్లకు పైగా ఉంటుంది. పిడి మధ్యభాగంలో గాక, క్రింది నుండి సుమారు మూడవ వంతు ఎత్తులో ఉండటం దీని ప్రత్యేకత. ఉత్తర ఐరోపాలోని సామీ జాతివారు దేవదారు జాతి కొయ్యకు భూర్జ వృక్షపు కొయ్యను చేప చర్మపు జిగురుతో అతికించి విండ్లు చేసేవారు.

ఇరవయ్యవ శతాబ్దంలో అమెరికాకు చెందిన క్లారెన్స్ హిక్‌మన్, పాల్ క్లాప్‌స్టెగ్ వంటి శాస్త్రజ్ఞులు వింటి పనితీరును గణితపరంగా పరిశీలించి, బల్లపరుపు బాహువుల ప్రయోజనాన్ని నిరూపించారు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం కొయ్య పొరలకు గాజు పీచు పొరలు తోడయ్యాయి. 1920 తరువాత ఒలింపిక్ క్రీడలలో లేకుండా పోయిన విలువిద్య 1972 మ్యూనిచ్ క్రీడలతో మరల ప్రవేశించింది. నేటి పోటీ విండ్ల బాహువులు కొయ్య లేక నురుగు పదార్థపు నడుమకు గాజు పీచు, కార్బన్ పీచు పొరలు అతికించి చేసినవే.

నిర్మాణ సూత్రం

వింటిని ఎక్కుపెట్టి లాగినపుడు లక్ష్యం వైపు ఉండే వెలుపలి తలం సాగుతుంది. విలుకాని వైపు ఉండే లోపలి తలం నొక్కుకుపోతుంది. ఒత్తిడి ఈ రెండు ఉపరితలాల వద్ద అత్యధికంగాను, నడుమ అత్యల్పంగాను ఉంటుంది. కావున సాగుటను తట్టుకొనే వెదురు, హికరీ వంటివి వెలుపల, నొక్కుడును తట్టుకొనే గట్టి కలప లోపల అమర్చుతారు. ఒక్కొక్క పదార్థం తనకు తగిన పనిని చేయడమే పొరల వింటిలోని రహస్యం.

బాహువు బిగువు దాని వెడల్పుకు అనులోమానుపాతంలోను, మందపు ఘనానికి అనులోమానుపాతంలోను ఉంటుంది. అనగా వెడల్పును 10 శాతం తగ్గిస్తే బిగువు 10 శాతమే తగ్గుతుంది. మందాన్ని 10 శాతం తగ్గిస్తే 27 శాతం తగ్గిపోతుంది. చెక్కేటప్పుడు మందం విషయంలో తొందర పడరాదనుటకు కారణం ఇదే.

కావలసిన సామగ్రి

* వెదురు: మూడేళ్ళు దాటి ముదిరినది, నీడలో బాగా ఆరినది, పురుగు పట్టనిది.
* లోపలి బద్ద: ముడులు లేని, పోగులు చివరి వరకు తిన్నగా సాగిన గట్టి కలప. తేమ 8 నుండి 10 శాతం ఉండటం మంచిది.
* జిగురు: రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ. పూర్వం వడ్రంగులు వాడిన సరేసు గట్టిదే అయినా తేమకు ఊడిపోతుంది. మామూలు తెల్ల జిగురు ఎడతెగని ఒత్తిడికి క్రమంగా జారుతుంది.
* పనిముట్లు: రంపం, చిత్రిక, ఆకురాయి, గరుకు కాగితం, క్లాంపులు, స్ప్రింగు త్రాసు.
* నారి: పాలియెస్టర్ దారపు పోగులతో పేనినది.

తయారీ విధానం

సుమారు 170 సెంటీమీటర్ల పొడవు, 18 కిలోల (40 పౌండ్ల) బలం గల వింటిని ఉదాహరణగా తీసుకొనవచ్చును.

1. వెదురు బద్ద లోపలి వైపును చిత్రిక పట్టి చదును చేసి, నడుమ సుమారు 3 మిల్లీమీటర్ల మందం ఉంచాలి. వెదురులో అతి బలమైన పోగులు వెలుపలి చర్మం క్రిందనే ఉంటాయి. కావున ఆ వైపును చెక్కరాదు, కణుపులను అరగదీయరాదు.

2. లోపలి బద్దను పిడి వద్ద 12, చివరల వద్ద 9 మిల్లీమీటర్ల మందం ఉండేటట్లు క్రమంగా పలుచన చేయాలి.

3. అతికే తలాలను శుభ్రపరచి, రెండింటికీ జిగురు పూసి జోడించాలి. బద్దలను అచ్చుపై, చివరలు లక్ష్యం వైపునకు 3 నుండి 5 సెంటీమీటర్లు వంగేటట్లు ఉంచి బిగించాలి. క్లాంపులు చాలనిచో పాత సైకిలు ట్యూబును పట్టీలుగా కోసి గట్టిగా చుట్టవచ్చును. ఒత్తిడి అంతటా సమంగా పడుతుంది.

4. జిగురు పూర్తిగా గట్టిపడిన తరువాత నడుమ లోపలి వైపున 25 నుండి 30 సెంటీమీటర్ల కొయ్య దిమ్మెను పిడిగా అతికించి, దాని చివరలను ఏటవాలుగా చెక్కాలి.

5. వింటిని పిడికి ఇరువైపులా 3.5, చివరల వద్ద 1.2 సెంటీమీటర్ల వెడల్పుకు కోసి, వింటికొప్పుల వద్ద నారి నిలుచుటకు గంట్లు పెట్టాలి.

వంపు సరిచేయుట

ఇది అన్నింటికంటె ఓర్పు కోరే ఘట్టం. వింటిని గోడకు బిగించిన ఆనుపై ఉంచి, పొడవైన నారి తగిలించి, కప్పీ మీదుగా త్రాడుతో దూరం నుండి లాగుతారు. రెండు బాహువులు సమంగా వంగుతున్నవో లేదో చూసి, వంగని చోట లోపలి వైపు నుండి మాత్రమే స్వల్పంగా గీకాలి. ఎక్కువ వంగే చోటును ముట్టరాదు. గీకిన ప్రతిసారి కొంచెం కొంచెంగా ఇరవై, ముప్పై మార్లు లాగితేనే మార్పు తెలుస్తుంది. ఉద్దేశించిన బలాన్ని మించి ఏ దశలోను లాగరాదు. తరువాత అసలు నారిని ఎక్కించాలి. పిడికి, నారికి మధ్య సుమారు 15 సెంటీమీటర్ల ఎడం, అనగా పిడికిలి బిగించి బొటనవ్రేలు నిలిపినంత ఎత్తు, ఉండాలి. ఇట్టి వింటిని 28 అంగుళాలు లాగినపుడు నిలువ ఉండే శక్తి సుమారు 50 జౌళ్ళు. చివరకు గరుకు కాగితంతో నునుపు చేసి, తేమ చొరకుండా వార్నిష్ పూస్తారు.

లోపాలు, జాగ్రత్తలు

లోపలి తలంపై అడ్డంగా సన్నని ముడతలు కనిపిస్తే కొయ్య అక్కడ నలిగిపోతున్నదని అర్థం. అతుకు వెంబడి సన్నని గీటు తెరచుకున్నా, వెదురు పోగు లేచినా ఆ వింటిని లాగడం వెంటనే ఆపివేయాలి. బాణం లేకుండా నారిని వదలరాదు; బాణానికి చేరవలసిన శక్తి అంతా వింటిలోనే మిగిలి దానిని పగులగొడుతుంది. పని ముగియగానే నారి దించాలి. గీకేటప్పుడు ముక్కుకు గుడ్డ, లాగేటప్పుడు కంటి అద్దాలు, ఎపాక్సీ కలిపేటప్పుడు చేతి తొడుగులు అవసరం. విద్యార్థులు ఈ పనిని పెద్దల పర్యవేక్షణలోనే చేయాలి.

తెలుగునాట

తూర్పు కనుమల ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల విండ్లు పొరలు లేనివి. 1922-24 మధ్య అల్లూరి సీతారామరాజు నాయకత్వాన జరిగిన మన్యం తిరుగుబాటులో విల్లంబులు కూడా ఆయుధాలుగా నిలిచాయి. పొరల వింటికి కావలసిన ముఖ్య పదార్థమైన వెదురు ఈ ప్రాంతాలలో విస్తారంగా లభిస్తుంది.

ఇవి కూడా చూడండి

* విల్లు
* విలువిద్య
* వెదురు
* అల్లూరి సీతారామరాజు